చెయ్యి పడకుండా

పగిలిన వూఫర్ స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతానికి నైలాను తాడు కట్టి, మేస్త్రి ఆ పొద్దున కూడా, కార్లకి పాటల సరంజామా బిగించే షెడ్డు నేలంతా ఈడుస్తున్నాడు. చూసేవాళ్ళకి కుక్కపిల్లని షికారు తిప్పుతున్నట్టు ఉంటుంది. ముందు గుమ్మం దగ్గర, తర్వాత గోడవార, ఆపైన కార్లు నిలబెట్టే చోట అడ్డంగా ఒకసారీ నిలువుగా ఒకసారీ. ముందురోజు జారిపడిన మరలూ వాషర్లూ వచ్చి దానికి ఈగల్లా ముసురుకుంటాయి. వాటిని ఒక్కొక్కటే ఒలిచి, పెద్దవి పెద్ద సీసాలో, చిన్నవి చిన్న సీసాలో వేస్తాడు. ఒక్క మర కారు టైరులో దిగిందంటే ఆ మాట కొట్టు మీదికే కదా వచ్చేది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే తంతు. ఆ మధ్య నడుము పట్టేసినప్పుడు నాలుగు రోజులు మానాడు, అంతే.

మనిషి సన్నగా, ముందుకి కాస్త వంగి ఉంటాడు. డిక్కీల్లోనూ డాష్‌బోర్డుల కిందా ముడుచుకుని ముడుచుకుని వెన్ను అలాగే ఉండిపోయింది. కుడిచేతి బొటనవేలి గోరు నల్లగా, చిప్పలా మందంగా ఉంటుంది. తీగ తొడుగు ఒలవడానికి పనిముట్లు ఎన్ని వచ్చినా అతనికి ఆ గోరే పనిముట్టు. ఇక చెవుల సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. బతుకంతా పక్కవాడి గుండె అదిరే చప్పుడు పరీక్ష చేసి చేసి, పిట్ట కూతా, ఇంటి గంటా, ఇంట్లో ఆవిడ గొంతూ అన్నీ దూరమైపోయాయి. మిగిలింది అడుగున దబదబలాడే మోత ఒక్కటే. అదీ చెవితో కాదు, అరచేత్తో వింటాడు. వూఫర్ బిగించిన డబ్బా మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంటే, ఏ మర వదులైందో చెప్పేస్తాడు.

"నా మాట వినపడాలంటే నేనూ డబ్బాలో కూర్చుని అరవాలి కాబోలు," అంటుంది భార్య.

అంత మోతలు బిగించే మనిషి నోట ఎప్పుడూ ఒకటే మాట: మెల్లగా. మర బిగించేవాడికి మెల్లగా, తలుపు వేసేవాడికి మెల్లగా, కొత్తగా వూఫర్ పెట్టించుకుని రోడ్డెక్కే కుర్రకారుకి మెల్లగా. వీధి వీధంతా అతన్ని 'మెల్లగా మేస్త్రి' అని పిలవడం మొదలుపెట్టి పాతికేళ్ళయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా లేదు. కొడుకు ఒకడున్నాడు, లెక్కల మాస్టారు. వాడికి చప్పుడంటే గిట్టదు. ఎందుకు గిట్టుతుంది పాపం!

సీసాల మూతలు బిగిస్తుండగా గుమ్మంలో కారు ఆగింది. తెల్లటి చిన్న కారు, ఎడమ తలుపు మీద సొట్ట. ఆ సొట్టని మేస్త్రి వీధుల్లో దూరంనుంచి ఎన్నిసార్లు చూశాడో. అది బావ కారు. చేతిలో మూత చేతిలోనే ఉండిపోయింది.

దిగింది బావ కాదు, మేనకోడలు. అక్క కూతురు. ఇరవై రెండేళ్ళు, నుదురూ, తల కాస్త పక్కకి వంచి చూడటమూ అచ్చం అక్కే. చదువైపోయింది, ఎక్కడో తొమ్మిది గంటల దూరంలో ఆసుపత్రిలో పని దొరికింది. నడవలేని వాళ్ళ చేత నడిపించే పని. తండ్రి తన కారు ఇచ్చి పంపిస్తున్నాడు. మావయ్యతో ఎప్పుడూ పెదాలు కనపడేలా ఎదురుగా నిలబడి, గట్టిగా మాట్లాడుతుంది.

"మావయ్యా! ఇవాళ సాయంత్రం నాలుగింటికి బయల్దేరతాను. దారి మధ్యలో స్నేహితురాలింట్లో పడుకుని, రేపు పొద్దున మిగతా సగం. ఒక్కదాన్నే. పాటల్లేకపోతే నిద్రొచ్చేస్తుంది." డిక్కీ తెరిచింది. అందులో పాత వూఫర్ డబ్బా, దాన్ని నడిపే యాంప్లిఫయరు, ప్లాస్టిక్ సంచిలో తీగలు. "ఫ్రెండు తీసేస్తుంటే తెచ్చుకున్నా. చవక సరుకే. నవ్వకు."

"నవ్వటంలేదమ్మా," అన్నాడు మేస్త్రి. నిజంగానే నవ్వటంలేదు. అతని కళ్ళు బానెట్ మీద ఉన్నాయి. "మీ నాన్నకి తెలుసా ఇక్కడికొచ్చినట్టు?"

"తెలుసు. షరతు పెట్టాడు. 'మీ మావయ్య చెయ్యి ఆ కారు మీద పడటానికి వీల్లేదు' అన్నాడు."

"మరెందుకు తెచ్చావే తల్లీ?"

"చెయ్యి పడకూడదన్నాడు గానీ నోరు పడకూడదనలేదుగా! నువ్వు చెప్పు, నేను చేస్తా." అంటూనే జుట్టు ముడేసుకుంది. "చెయ్యి ఒక్కసారి తగిలిందా, ఇంటికెళ్ళి చెప్పేస్తాను. నాకు అబద్ధమాడటం చేతకాదు."

కొట్టు ఓనరు లోపల్నుంచి తొంగి చూశాడు. పాత ఓనరు కొడుకు, నిక్కరేసుకున్నప్పట్నించీ మేస్త్రికి తెలిసినవాడు. "ఏంటి మేస్త్రీ, ఇవాళ చేతులకి సెలవా?"

"అవును బాబూ. నోటికి డ్యూటీ."

స్టూలు తెచ్చి కారు ముందు వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టుకోకపోతే ఆగవని అతనికి తెలుసు.

ఈ షరతు వెనక ఒక కథ ఉంది. పదకొండేళ్ళ కిందటి మాట. బావ అప్పుడే కొత్త కారు కొన్నాడు. ఇంటిల్లిపాదికీ దాన్ని తుడవడమే పని. మేస్త్రి తన చేత్తో వూఫర్ బిగించి ఇచ్చాడు, తమ్ముడి కానుక. ఎనిమిది నెలలు బ్రహ్మాండంగా మోగింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం, రోడ్డు మధ్యలో, డాష్‌బోర్డు కిందనుంచి పొగ. బావ అక్కనీ పిల్లనీ రెక్క పట్టుకుని బయటికి లాగేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. కారు ముందుభాగం మాత్రం మాడి మసైపోయింది; ఈ సొట్ట కారు ఆ తర్వాత కొన్నది. పదకొండేళ్ళ పిల్ల ఒంటి చెప్పుతో రోడ్డు పక్కన నిలబడి అదంతా చూసింది.

మర్నాడు బావ షెడ్డుకొచ్చి ఒక్కటే అడిగాడు. "గోడ కన్నంలో రబ్బరు వేశావా?"

ఇంజనుకీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య రేకు గోడ ఒకటి ఉంటుంది. బాటరీ నుంచి వచ్చే తీగ ఆ గోడకున్న కన్నంలోంచే లోపలికి రావాలి. కన్నం అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి అక్కడ రబ్బరు రింగు తొడుగుతారు. అది లేకపోతే కారు కదిలినప్పుడల్లా అంచు తీగని రంపంలా కోస్తుంది.

"వేశాను బావా. ఎలుకేదో తీగ కొరికుంటుంది," అన్నాడు మేస్త్రి.

బావ అతని మొహంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురైతే ఒకరు భోజనాల వైపూ, ఒకరు కుర్చీల వైపూ. అక్క మాత్రం తమ్ముణ్ణి వదల్లేదు. "మా తమ్ముడు వేశానన్నాడంటే వేసినట్టే. నీకే మొండితనం," అని మొగుడితో వాదించేది. ఆ వాదన ఏడేళ్ళు నడిచింది. నాలుగేళ్ళ కిందట అక్క పోయింది. ఆనాడు కూడా బావ గుమ్మంలో ఇతన్ని చూసి దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నాడు, అంతే. పలకరించలేదు.

ఇవాళ ఈ పిల్ల, ఈ కారు, తొమ్మిది గంటల రోడ్డు. మేస్త్రి చేతుల్ని తొడల కింద ఇంకా లోపలికి తోసుకున్నాడు. ఇది సరిగ్గా కుదరాలి. ఈ ఒక్కటీ కుదరాలి.

"ముందు తాళం తీసి జేబులో వేసుకో," అన్నాడు. "బానెట్ ఎత్తు. బాటరీకి రెండు కొమ్ములుంటాయి. నల్లటిది, మైనస్ గుర్తు ఉన్నది, దాన్ని ముందు ఊడదియ్యి. పదో నంబరు పానా."

"ఎర్రది ముందు తీస్తే ఏం?"

"పానా జారి బాడీకి తగిలితే దీపావళి మెరుపులు చూస్తావు, అవీ చేతిలో. నల్లది ముందు తియ్యాలి, చివర పెట్టాలి. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు పొయ్యి ముందు ఆర్పి, వచ్చాక చివర వెలిగిస్తామే, అలాగనుకో. తీశాక గుడ్డ చుట్టు, మళ్ళీ వెళ్ళి అంటుకోకుండా."

అమ్మాయి చేసింది. చేతులు కొత్తవి గానీ తొందరపాటు లేదు. ముసలివాళ్ళ కాళ్ళు పట్టుకుని నడిపించే చేతులు, నెమ్మది తెలుసు.

"ఇప్పుడా సంచిలో లావుపాటి ఎర్ర తీగ తీసి, కొస అంగుళం ఒలిచి నాకు చూపించు."

ఒలిచి చూపించింది. పైకి వేలెడు లావుంది. లోపల తీగ అగ్గిపుల్లంత. పైన రాగి రంగు, గీరితే తెల్లగా అల్యూమినియం.

"చూశావా, దుప్పటి కప్పుకుని లావు కనపడుతోంది. అది పనికిరాదు. మోత ఎక్కువైనప్పుడు వేడెక్కి కరుగుతుంది. తక్కినవన్నీ చవకవి పెట్టుకో, నేనేమీ అనను. డబ్బా గీతలు పడినా మోగుతుంది. తీగ దగ్గరా ఫ్యూజు దగ్గరా మాత్రం పిసినారితనం వద్దు. ఆ మూల చుట్ట ఉంది చూడు, అసలు రాగి. అందులోంచి కొలిచి కొయ్యి."

"ఎంత?"

"కారు పొడుగూ, ఇంకో రెండు బారలూ. బిగుతుగా లాగిన తీగ ఏదో ఒకనాడు తెగుతుంది."

తర్వాత ఫ్యూజు. దాన్ని యాంప్లిఫయరు పక్కన డిక్కీలో పెట్టబోయింది అమ్మాయి, అక్కడైతే మార్చుకోవడం తేలికని. మేస్త్రి స్టూలు మీద ఒక్కసారి కదిలాడు.

"వద్దు! బాటరీకి జానెడు దూరంలో పెట్టు. అంతకన్నా దూరం పోకూడదు."

"ఎందుకంత గాబరా?"

"ఫ్యూజు ఉన్నది డబ్బాని కాపాడ్డానికి కాదమ్మా, తీగని కాపాడ్డానికి. తీగ మధ్యలో ఎక్కడైనా రేకుకి తగిలితే, ఫ్యూజు బాటరీ పక్కనుంటే టప్పున పోతుంది, అక్కడితో సరి. నువ్వు చెప్పినట్టు డిక్కీలో ఉంటే, దానికి తెలిసేలోపు ముందంతా అంటుకుంటుంది." ఆగి, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "ఒకప్పుడు ఈ వీధిలో మేమంతా డిక్కీలోనే పెట్టేవాళ్ళం. తేలికని."

అమ్మాయి జాన పెట్టి కొలిచింది. "నా జానా, నీ జానా?"

"నీదే. చిన్నదైతే ఇంకా మంచిది. ఫ్యూజు మాత్రం ఇప్పుడే వెయ్యకు, ఖాళీ గూడు బిగించు. ఫ్యూజు నీ జేబులో ఉంచుకో. పని మధ్యలో ఎవరు వచ్చి ఏం నొక్కినా భయం ఉండదు."

ఆ తర్వాత గోడ కన్నం. ఇంతసేపూ బాగానే నడిచిన పని అక్కడికొచ్చి కుంటింది. కన్నం డ్రైవరు కాళ్ళ దగ్గర, బ్రేకు పైన, మెడ విరుచుకుని చూస్తే తప్ప కనపడని చోట. రింగు తొడగాలి, అందులోంచి తీగ దూర్చాలి. అమ్మాయి తలకిందులుగా సీటు మీద పడుకుని కుస్తీ పట్టింది. పావుగంటయింది. మేస్త్రికి ఆమె చెప్పులు మాత్రం కనపడుతున్నాయి. అతని కుడిచెయ్యి తొడ కిందనుంచి దానంతటదే బయటికొచ్చి గాలిలో రింగు తిప్పుతోంది.

"చెయ్యి!" అని లోపల్నుంచి అరిచింది. తలుపు సందులోంచి చూసినట్టుంది.

చెయ్యి మళ్ళీ లోపలికి పోయింది.

ఇంతలో భార్య ఫోను. చెవికి గట్టిగా అదుముకున్నాడు. "భోజనం డబ్బా విప్పారా? తిన్నారా?" అని అరుస్తోంది. షెడ్డు అందరికీ వినిపించింది.

"తింటాను. మన అక్క కూతురొచ్చింది."

"ఆఁ? ఎవరు చచ్చారు?"

"చావలేదే! అక్క కూతురు, వచ్చింది!"

అవతల ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. అతనికి వినపడలేదో, ఆవిడే మాట్లాడలేదో. తర్వాత గొంతు తగ్గించి ఏదో అంది. అదేమిటో అతనికి తెలియలేదు. "సరే సరే," అని పెట్టేశాడు.

అమ్మాయి కారులోంచి బయటికొచ్చి నిలబడింది. మెడ మీద మసి, మోచేతి మీద గీత. "అయిపోయింది. తీగ లోపలికి వచ్చేసింది. ఇంక కార్పెట్టు కింద నుంచి వెనక్కి లాగేస్తా."

"రింగు వేశావా?"

"వేశాను మావయ్యా."

చెవులు పోయిన మనిషే. కానీ ఆ రెండు మాటలు అతనికి ఎంత స్పష్టంగా వినపడ్డాయంటే, పక్కన గంట కొట్టినట్టు. ఆ మాట అడిగిన తర్వాత పుట్టింది కాదు. ముందే తయారు చేసి, నోటి చివర పెట్టుకుని ఉంచుకున్నది. అడగ్గానే గబుక్కున పెట్టేసింది. ఆ 'వేశాను' రుచి అతని నాలికకి తెలుసు.

"ఇంజను వైపు నుంచి తీగ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగు," అన్నాడు.

"ఎందుకు? చెప్పాగా!"

"లాగమ్మా."

లాగింది. రింగు గట్టిగా పట్టుకుంటే తీగ మొరాయిస్తుంది. ఇది బరబరా ఆడింది. అమ్మాయి తల ఎత్తలేదు.

"రింగు చిన్నదైంది మావయ్యా. జారి లోపల ఎక్కడో పడిపోయింది. మళ్ళీ అడిగితే నువ్వు మొదట్నించీ చెయ్యమంటావు. టైము ఒంటిగంటయింది. టేపు చుట్టాను, నాలుగు చుట్లు. గట్టిగానే ఉంది, చూడు కావాలంటే."

మేస్త్రి చూడలేదు. చేతులు తొడల కిందనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ నల్లగోరు వంక చూస్తూ కూర్చున్నాడు.

"నేనూ నాలుగే చుట్టాను," అన్నాడు.

"ఏంటి?"

"ఆ రోజు. మీ కారుకి. రింగుల డబ్బా ఖాళీ అయిపోయింది. కొత్తవి తేవాలంటే బజారు దాకా పోవాలి. మీ అమ్మ పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుని ఉంది, నువ్వు వెనక. పెళ్ళికి వేళవుతోందని మీ నాన్న హారను కొడుతున్నాడు. టేపు చుట్టేశాను. రేపు రింగు తెచ్చి వేద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. 'వేశావా' అని మీ నాన్న అడిగితే, ఇదిగో నువ్వు చెప్పినట్టే చెప్పాను. తగలబడ్డాక అడిగినా అదే చెప్పాను."

అమ్మాయి పానా పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎలుక అన్నావు కదా."

"అన్నాను."

"అమ్మ..." పానా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "అమ్మ పోయే ముందు కూడా నాన్నతో అదే అంది మావయ్యా. 'మా తమ్ముడితో ఇప్పటికైనా మాట్లాడు, వాడి తప్పేం లేదు' అని. నాన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను నాన్న మీద ఎంత కోపం పెట్టుకున్నానో తెలుసా నీకు?"

పదకొండేళ్ళ బరువు దించుకుంటే హాయిగా ఉంటుందని ఎవరన్నారో గానీ, మేస్త్రికి నడుము ఇంకా వంగినట్టే ఉంది.

అమ్మాయి పానా నేలమీద పడేసి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. చాలాసేపు మొహం కడుక్కుంది. ఓనరు తొంగి చూసి, ఏమనుకున్నాడో, మళ్ళీ లోపలికి పోయాడు. మేస్త్రి భోజనం డబ్బా విప్పలేదు. ఈ పిల్ల ఇలాగే తాళం తీసుకుని వెళ్ళిపోతే, ఆ నాలుగు చుట్ల టేపుతో రోడ్డెక్కితే? అతను లేచి బానెట్ దాకా వెళ్ళాడు. చెయ్యి ఎత్తాడు. ఇంకో అంగుళం. అక్కడే ఆపుకుని, వెనక్కి తిరిగి, వచ్చి కూర్చున్నాడు. ఈసారి చెయ్యి ఆపింది షరతు కాదు. ఇంకొకరి చేతిలోంచి లాక్కుని తను చేసేస్తే, ఆ పిల్ల నేర్చుకున్నది ఆ అబద్ధం ఒక్కటే అవుతుంది.

అమ్మాయి తిరిగొచ్చింది. అతని వంక చూడకుండా అడిగింది. "పెద్ద సైజు రింగు ఎక్కడుంది?"

"మూడో అర. పచ్చ మూత."

టేపు నాలుగు చుట్లూ విప్పి పారేసింది. మళ్ళీ తలకిందులుగా సీటు మీద పడుకుంది. ఈసారి మేస్త్రి తొందరపెట్టలేదు, తొందరపడవద్దనీ అనలేదు. రింగు అంచు సబ్బునీళ్ళతో తడిపి తొయ్యమని మాత్రం చెప్పాడు. ఇరవై నిమిషాలకి తీగ బిగిసింది. అడగకుండానే ముందుకీ వెనక్కీ లాగి చూపించింది. కదల్లేదు.

తక్కిన పని మాటల్లో మెతకదనం లేకుండానే జరిగింది, కానీ జరిగింది. బాటరీ తీగ కారుకి ఎడమ వైపు, పాట మోసే సన్న తీగలు కుడి వైపు. రెండూ కలిసి నడిస్తే ఇంజను ఊళ వూఫర్‌లో వినపడుతుంది. డిక్కీలో ఎర్త్ తీగకి బోల్టు వేసేచోట రంగు గీకి, రేకు అద్దంలా మెరిసేదాకా తోమింది. కొత్త కన్నం వెయ్యబోతే, "ముందు కింద పడుకుని చూడు, ఆ రేకు కింద పెట్రోలు టాంకు ఉంది," అన్నాడు. పడుకుని చూసి, నాలిక కరుచుకుని, ఉన్న బోల్టే వాడుకుంది. "సీటు బెల్టు బోల్టు మాత్రం ముట్టుకోకు, అది నీ ప్రాణం పట్టుకునేది." యాంప్లిఫయరు కార్పెట్టు కింద దాచబోతే, దానికీ ఊపిరాడాలన్నాడు. డబ్బాని బెల్టుతో కట్టించాడు. బ్రేకు వేస్తే అంత బరువూ వచ్చి వీపు మీద పడుతుందని.

అన్నీ చూసుకుని, జేబులోంచి ఫ్యూజు తీసి గూట్లో పెట్టి, చిట్టచివర నల్లకొమ్ము బిగించింది. మోత పెంచే మీట సున్నా దగ్గర పెట్టించి పాట వేయించాడు.

"మెల్లగా. వెంట్రుకవాసి చొప్పున తిప్పు. గొంతు బొంగురుపోయిన చోట ఆగి, రెండు మెట్లు వెనక్కి రా. అంతకన్నా ఎక్కువ దాన్ని అడగకు."

మేస్త్రి డబ్బా మీద చెయ్యి వెయ్యలేడు కదా. స్టూలు దిగి, కారు పక్కన నేలమీద కూర్చుని, రెండు అరచేతులూ సిమెంటుకి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి నేల లోపల్నుంచి నాడి కొట్టుకున్నట్టు మోత వచ్చింది. శుభ్రంగా, ఎక్కడా గరగర లేకుండా.

"చాలు," అన్నాడు. "నీ చెవులు నా చెవుల్లా చేసుకోకు. అద్దాలు అదురుతుంటే తగ్గించాలని గుర్తు. అరగంట నడిపాక ఆపి, ఫ్యూజు దగ్గర తీగ పట్టుకుని చూడు. గోరువెచ్చగా ఉందంటే నాకు ఫోను చెయ్యి, పాట ఆపేసి."

"నీకు ఫోను వినపడదుగా."

"మీ అత్తకి చెయ్యి. ఆవిడ నాకు వినపడేలా చెబుతుంది."

అమ్మాయికి నవ్వొచ్చింది, కానీ పూర్తిగా రానివ్వలేదు. చేతులు తుడుచుకుని కారెక్కింది. మూడున్నరైంది. మేస్త్రి కిటికీ దగ్గర వంగి, అద్దానికి తగలకుండా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మీ నాన్నకి నువ్వే చెప్పమ్మా. రింగు సంగతి."

"నేను చెప్పను." తల పక్కకి వంచి, అక్కలాగే చూసింది. "నీ మాట నువ్వే చెప్పుకో మావయ్యా. నేను మొయ్యలేను."

కారు వీధి మలుపు తిరిగింది. ఆ సొట్ట తలుపు కనపడినంతసేపూ నిలబడ్డాడు.

ఆ తర్వాత రెండు కార్లొచ్చాయి. ఒకదానికి హారను, ఒకదానికి వెనక దీపం. చల్లారిన భోజనం నిలబడే తిన్నాడు. ఐదున్నరకి ఓనరు, "మేస్త్రీ, షట్టరు మీరు దించండి," అని వెళ్ళిపోయాడు. మేస్త్రి పానాలు తుడిచి వరసగా సర్దుతుంటే గుమ్మంలో వెలుగు మసకేసింది. ఎవరో నిలబడ్డారు.

బావ. జుట్టంతా తెల్లబడింది. చొక్కా వీపున దుమ్ము. నేలమీద వెల్లకిలా పడుకుని లేచినట్టు. చేతిలో పొడుగాటి టార్చిలైటు వెలుగుతూనే ఉంది. ఆర్పడం మరిచిపోయినట్టున్నాడు. లోపలికొచ్చి దాన్ని గల్లాబల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు.

"బయల్దేరింది," అన్నాడు, పక్కనెవరో ఉంటే వాళ్ళకి చెప్పినట్టు.

మేస్త్రి పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. "ఎన్నింటికి?"

"నాలుగుంపావుకి. కింద పడుకుని చూశాను. కన్నం దగ్గర, ఫ్యూజు దగ్గర, అన్నీ. బాగా చేసింది. నీకంటే బాగా చేసింది."

మేస్త్రి చేతిలో పానా కింద పెట్టాడు. గొంతు తగ్గించి చెబుదామనుకున్నాడు. కానీ తన గొంతు తనకే వినపడని మనిషికి ఎంత తగ్గిందో ఎలా తెలుస్తుంది? పైకే వచ్చింది, షెడ్డంతా మోగేలా.

"ఆ రోజు నేను రబ్బరు వెయ్యలేదు బావా. టేపు చుట్టాను. వేశానని అబద్ధం చెప్పాను. ఎలుకా లేదు, ఏమీ లేదు."

బావ వంగి మోకాళ్ళ మీది దుమ్ము దులుపుకున్నాడు. తర్వాత, ఇతనికి వినపడాలని కాబోలు, ముందుకి వంగి ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"తెలుసు. నీ దగ్గరికి రాకముందే చూశాను. టేపు ముద్ద కరిగి రేకుకి అంటుకుని ఉంది."

"మరి నేను కాదన్నప్పుడు..."

"నువ్వే చెబుతావని చూశాను. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని."

"అక్కకి?"

బావ తల అడ్డంగా ఊపాడు. "చెప్పలేదు. దానికున్నది ఒక్క తమ్ముడు. వాడి మాట మీద దానికంత నమ్మకం. అది కూడా నేను తగలబెట్టనా? నన్నే మొండివాడంది. పోనీలే అనుకున్నాను."

బయట వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్ళారు. మేస్త్రి తుడిచిన పానానే మళ్ళీ తీసి తుడవసాగాడు. ఏడేళ్ళు అక్క తన తరఫున వాదిస్తుంటే ఈ మనిషి నోరు మూసుకుని కూర్చున్నాడు. నిజం చేతిలో ఉంచుకుని.

బావ లేచాడు. మోకాలు పట్టినట్టుంది, ఒక చేత్తో గోడ ఆసరా తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా ఏదో అన్నాడు. అవతలికి తిరిగి ఉన్నాడు కాబట్టి పెదాలు కనపడలేదు.

"వినపడలేదు బావా."

బావ తిరిగాడు. "మీ అక్క ఉండగా చెప్పుంటే బాగుండేదిరా," అన్నాడు.

అని మెట్టు దిగి వెళ్ళిపోయాడు. మేస్త్రి గుమ్మంలోకి వచ్చేసరికి వీధి మలుపు దగ్గర తెల్లజుట్టు ఒక్కటే కనపడింది, తర్వాత అదీ లేదు. పిలవొచ్చు. ఇంత గొంతుంది కదా. పిలవలేదు. లోపలికొచ్చి, షట్టరు దించే కొక్కెం చేతిలోకి తీసుకుని, మళ్ళీ మూల పెట్టేసి, స్టూలు మీద కూర్చున్నాడు.

గల్లాబల్ల మీద బావ టార్చిలైటు వెలుగుతూనే ఉంది. బాటరీలు అయిపోవచ్చినట్టున్నాయి, దాని వెలుగు ఎదుటి గోడ మీద పళ్ళెమంత గుండ్రంగా, పసుపుపచ్చగా పడి ఉంది.